ఒకే ఊళ్ళో రెండ్రోజులు

“కువైట్ అని ఇంతింత అక్షరాలతో రాసుందండీ. నాకు చదువు రాదనుకున్నారా?”

శామ్యూల్ భార్య వైపు చూడకుండా చెమట తుడుచుకున్నాడు. ఆటోలోంచి దించిన సూట్‌కేసులు రెండూ వసారాలో అడ్డంగా పడి ఉన్నాయి. వాటిలో ఒకదాని మీద రాహేలు కూర్చుంది. ఇల్లు చేరి గంట దాటింది. ఆమె ఇంకా గుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టలేదు.

పొద్దున్న నరసాపురంలో రైలు దిగి, పంటు మీద గోదావరి దాటేంత వరకూ అంతా బాగానే ఉంది. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన ఎనిమిదేళ్ళలో ఇది ఆమె రెండో రాక. ఆ పంటు మీదే శామ్యూల్ టిక్కెట్లు కొడతాడు. తోటివాళ్ళు వాళ్ళిద్దర్నీ పక్కపక్కన చూసి పరాచికాలు కూడా ఆడారు. అటు నుంచి రాజోలు వైపు వస్తూ, సఖినేటిపల్లి సెంటరులో ఆటో మలుపు తిరిగేసరికి కొత్త ఫ్లెక్సీ కనబడింది.

ఆసియా అథ్లెటిక్స్ పోటీలు, కువైట్. పదిహేను వందల మీటర్ల పరుగులో ఫైనల్‌కి చేరిన మన ఆడపడుచు జెస్సీకి శుభాకాంక్షలు. కింద నీలం బనీనులో నిలువెత్తు జెస్సీ.

“పటియాలా క్యాంపులో ఉందన్నారు నాతో,” అంది రాహేలు.

“ఉంది. మొన్న ఆదివారం దాకా అక్కడే ఉంది.”

“తరవాత?”

“సోమవారం రాత్రి కువైట్‌లో దిగింది.”

రాహేలు వేళ్ళు ముడిచి లెక్కపెట్టింది.

“నేను బుధవారం రాత్రి విమానం ఎక్కేను. అంటే రెండ్రోజులు ఒకే ఊళ్ళో ఉన్నామండీ మేం.”

శామ్యూల్ తల వంచుకున్నాడు.

“మంగళవారం సాయంత్రం దానికి చెప్పులు కొన్నాను. కొలత తెలీక మీకు ఫోన్ చేసేను. పిల్లది ఎంత సైజండీ అని అడిగేను. ఏడు అని చెప్పేరు. అది చెప్పిన నోటితోనే, నీ కూతురు అక్కడే ఉందే అని ఒక్క ముక్క చెప్పలేకపోయేరా?”

“ఎలా చెప్పమంటావు? అది నా చేత ఒట్టు వేయించుకుంది. అమ్మకి తెలిస్తే నేను పరిగెత్తను నాన్నా అంది. బేగ్ తిరిగి సర్దేస్తానంది.”

“మరి నేనొస్తున్నట్టు దానికి చెప్పొచ్చు కదా?”

“నువ్వూ ఒట్టు వేయించుకున్నావు కదే! దానికి చెప్పకండి, ఒక్కసారిగా గుమ్మంలో కనబడతాను అన్నావు. నువ్వో పక్క, అదో పక్క. మధ్యలో నేను. ఇద్దరి మాటా నిలబెట్టేను. అదే నా తప్పు!”

గొంతు పెరిగేసరికి లోపల్నించి వీరాయమ్మ వచ్చింది. శామ్యూల్ తల్లి. డెబ్బై దాటిన మనిషి. చేతిలో మంచినీళ్ళ గ్లాసు.

“ముందు ఇది తాగమ్మా. రెండ్రోజుల ప్రయాణం చేసొచ్చేవు.”

రాహేలు గ్లాసు అందుకోలేదు.

“మీకూ తెలుసా అత్తయ్యగారూ?”

వీరాయమ్మ గ్లాసు వసారా గట్టు మీద పెట్టింది. “తెలుసమ్మా,” అంది మెల్లగా.

“బావుంది. ఊరందరికీ తెలుసు. ఫ్లెక్సీ కట్టినవాళ్ళకి తెలుసు. ఆటో తోలినాయనకి తెలుసు. నాకే తెలీదు.” ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు. “ఇవాళ వారం ఏవిటండీ?”

“శుక్రవారం.”

“శుక్రవారం మాకక్కడ సెలవు. చర్చికి వెళ్తాం అందరం కలిసి. బస్సు ఆ పోటీలు జరిగే స్టేడియం ముందు నుంచే వెళ్తుంది. ఎనిమిదేళ్ళు వారం వారం ఆ గోడ చూసుకుంటూ వెళ్ళేను. ఇవాళ నా కూతురు దాంట్లో పరిగెడుతుంటే నేనిక్కడ ఉన్నాను.”

పక్కింట్లో దింపుతున్న కొబ్బరికాయలు నేల మీద పడుతున్న చప్పుడు వినబడుతోంది.

“రెండు నెల్ల సెలవేగా,” అన్నాడు శామ్యూల్ చివరికి, సర్దిచెబుతున్నట్టు. “సోమవారానికి వచ్చేస్తుంది. అప్పుడు కూర్చుని మాట్లాడుకోవచ్చు. నువ్వు మళ్ళీ వెళ్ళేలోగా—”

“వెళ్ళను.”

“ఏవిటి?”

“సెలవు కాదండీ. వీసా కేన్సిల్ చేయించుకుని వచ్చేసేను. నేను పనిచేసే ఇంటి మేడమ్ కాగితాలు సంతకం పెట్టి ఇచ్చేసేరు. ఇంక తిరిగి వెళ్ళేది లేదు.”

శామ్యూల్ గోడకి ఆనుకున్నాడు. ఆ మాట కోసం ఆ ఇంట్లో ఎనిమిదేళ్ళుగా ఎదురుచూశారు. అది ఇలాంటి పూట, ఇలాంటి గొంతుతో వస్తుందని అతను ఎన్నడూ అనుకోలేదు.

“ఎందుకొచ్చేసేవే?” అన్నాడు. అడగాలనుకున్నది అలా కాదు.

“దానికి ఇరవై రెండేళ్ళొచ్చేయి. పోయినసారి నేనొచ్చి వెళ్ళిన నాటి నుంచీ, నాలుగేళ్ళయింది నాతో మాట్లాడి. ఎదురుగా కూర్చుంటేనన్నా మాట్లాడుతుందేమోనని వచ్చేను.”

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. జెస్సీ గది తలుపు తీసి, మంచం మీద కూర్చుని, తలుపు దగ్గరగా వేసుకుంది.

మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే పలకలేదు.

నాలుగింటికి వీరాయమ్మ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. గది నిండా జెస్సీ వస్తువులు. మేకులకి వేలాడుతున్న పతకాలు, అరిగిపోయిన బూట్లు, గోడ మీద తేదీలూ సెకన్లూ రాసిన కాగితాలు. రాహేలు వాటిని ఒక్కొక్కటీ చదువుతోంది.

వృద్ధురాలు మంచం అంచున కూర్చుంది.

“నీకో మాట చెప్పాలమ్మా. నువ్వు మొదటిసారి వెళ్ళిన రోజు జెస్సీ నిద్రలో ఉంది.”

“ఆయ్. తెల్లవారుజామున నాలుగింటికి కారొచ్చింది.”

“నువ్వు లేపబోయేవు. వద్దమ్మా, అది ఏడిస్తే నువ్వు కదల్లేవు అని చెయ్యి పట్టుకుని ఆపింది నేను. అది లేచి, అమ్మేదని అడిగింది. వెళ్ళిపోయిందన్నాను. నాకు చెప్పకుండానా అంది. ఆ ఒక్క మాటే. పద్నాలుగేళ్ళ పిల్ల. ఏడవలేదు. బూట్లు వేసుకుని ఏటిగట్టు మీదికి వెళ్ళి, పది గంటల దాకా పరిగెడుతూనే ఉంది.”

రాహేలు కాగితం మీంచి చూపు తిప్పలేదు.

“లేపొద్దన్నది నేనని దానికింత వరకూ చెప్పలేదమ్మా. అడుగుతుందేమోనని భయం. దాని కోపమంతా నీ మీద పెట్టుకుంది. నేను పెట్టుకోనిచ్చేను.”

రాహేలు గోడ మీది కాగితం ఒకదాన్ని అరచేత్తో సర్దింది.

“మీరు ఆపేరు నిజమే,” అంది రాహేలు. “కానీ మీరు ఆపితే బావుణ్ణని నేనూ అనుకున్నానండీ. దాని మొహం చూసి వెళ్ళే ధైర్యం నాకు లేదు.”

వీరాయమ్మ కోడలి చేతి మీద చెయ్యి వేసింది. రాహేలు ఆ చేతిని తీసెయ్యలేదు.

“అన్నం తిందువు రా. ఆరున్నరకి పరుగు. ఖాళీ కడుపుతో చూడలేవు.”

ఆరింటికి పోలిరాజు మాస్టారు వచ్చారు. హైస్కూల్లో వ్యాయామం మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఏడో తరగతిలో జెస్సీని మొదట పరిగెత్తించింది ఆయనే. వసారాలో రాహేలుని చూసి అక్కడే ఆగిపోయారు.

“అదేంటమ్మా, నువ్వక్కడ కదా ఉండాలి!”

“ఆయ్, అక్కడే ఉండాలండి,” అంది రాహేలు.

మాస్టారు శామ్యూల్ వైపు చూశారు. శామ్యూల్ టీవీ వైపు చూశాడు. ఆయన ఇంకేమీ అడగకుండా ఫోనుని టీవీకి కలిపే పనిలో పడ్డారు.

ముందు గది నిండిపోయింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కిటికీ బయట నిలబడ్డారు. తెర మీద స్టేడియం వచ్చింది. పరుగు బాట ఎర్రగా ఉంది. దూరంగా గోడ వెనక రాహేలుకి తెలిసిన నీళ్ళ టవర్లు, తెల్లచారల గొడుగుల్లాంటివి, సాయంత్రపు వెలుగులో నిలబడి ఉన్నాయి.

“మూడు రౌండ్లూ ముప్పావు,” అన్నారు మాస్టారు రాహేలుతో. “పన్నెండు మంది. ఆ బహ్రెయిన్ అమ్మాయి గట్టి మనిషి. పోయినసారి బంగారు పతకం ఆమెదే. జపాన్ వాళ్ళిద్దరూ ఆఖర్లో కొడతారు. మనది మూడో స్థానం తెచ్చిందంటే గొప్పేనమ్మా. నిన్న ఫోన్లో చెప్పేను దానికి. ఆఖరి నూటయాభై దాకా దాక్కో, అప్పుడు కొట్టు అన్నాను.”

“ఏవందండీ?”

“ఆయ్ అంది.”

కెమెరా ఒక్కొక్కరి ముందుకీ వెళ్తోంది. ఒక్కొక్కరూ చెయ్యి ఊపుతున్నారు, నవ్వుతున్నారు. జెస్సీ దగ్గరికి వచ్చింది. ఆమె చెయ్యి ఊపలేదు. ఎవర్నో వెతుకుతున్నట్టు ఒకసారి ప్రేక్షకుల వైపు చూసి, తల దించుకుంది.

నాలుగేళ్ళ తరవాత రాహేలు కూతురి మొహం అంత దగ్గరగా చూడడం అదే. బుగ్గలు లోపలికి పోయాయి. మెడ దగ్గర ఎముకలు కనబడుతున్నాయి. గడ్డం మాత్రం శామ్యూల్‌దే.

“చిక్కిపోయింది,” అంది.

“చిక్కిపోలేదమ్మా. అలాగే ఉండాలి,” అన్నారు మాస్టారు.

తుపాకీ పేలింది.

మొదటి రౌండు అందరూ గుంపుగా, నెమ్మదిగా వెళ్ళారు. ఎవరూ ముందుకి రావడం లేదు. జెస్సీ లోపలి గీత పక్కన ఇరుక్కుపోయింది. ముందు ఇద్దరు, పక్కన ఒకరు. మోచెయ్యి ఒకటి ఆమె పక్కటెముకల్లో తగిలింది. కాలు తడబడింది. కిటికీ బయట ఎవరో ‘అయ్యో’ అన్నారు.

“ఏం ఫర్లేదు, నిలదొక్కుకుంది. అలాగే ఉండు తల్లీ, కంగారు పడకు,” మాస్టారు తెరతోనే మాట్లాడుతున్నారు.

రెండో రౌండులో బహ్రెయిన్ అమ్మాయి ముందుకొచ్చి వేగం పెంచింది. గుంపు తాడులా సాగింది. వెనక ముగ్గురు తెగిపోయారు. జెస్సీ ఏడో స్థానంలో ఉంది. వీరాయమ్మ కళ్ళు మూసుకుని లోలోపల ప్రార్థన చేసుకుంటోంది. శామ్యూల్ నిలబడలేక, కూర్చోలేక, గుమ్మం పట్టుకుని వేలాడుతున్నాడు.

మూడో రౌండు సగమయింది. ఇంకా ఐదు వందల మీటర్లుంది. అప్పుడు జెస్సీ బయటికి జరిగింది.

ఒకరిని దాటింది. ఇద్దర్ని దాటింది. వంపులో బయటి వైపు నుంచే, ఎక్కువ దూరం పరిగెడుతూ, జపాన్ అమ్మాయిలిద్దర్నీ దాటేసింది.

“వద్దు! ఇప్పుడు కాదు!” మాస్టారు లేచి నిలబడ్డారు. “తొందరపడిందండీ! ఇంకా రౌండుంది! చచ్చిపోతుంది ఆఖర్న!”

ఆఖరి రౌండు గంట మోగింది. జెస్సీ బహ్రెయిన్ అమ్మాయి పక్కకి వచ్చింది. పక్కన ఆగలేదు. దాటేసి ముందుకి వెళ్ళిపోయింది.

ముందు ఖాళీ బాట. వెనక పదకొండు మంది.

“నాలుగు వందలు ఒంటరిగా లాగడం ఎవరి వల్లా కాదు,” అన్నారు మాస్టారు తల పట్టుకుని. “నా మాట వినలేదు. ఎందుకిలా చేసిందో!”

“అలిగిందండీ,” అంది రాహేలు.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె తెర మీంచి కళ్ళు తియ్యలేదు.

“చిన్నప్పుడు అలిగితే ఇలాగే వెళ్ళిపోయేది. తల కొంచెం ఎడం పక్కకి వాల్చి. ఎంత పిలిచినా వెనక్కి తిరిగి చూసేది కాదు. నేను రొప్పుకుంటూ వెనకాల పడేదాన్ని. ఏనాడూ దొరకలేదు. చూడండి, తల ఎలా పెట్టిందో.”

నిజంగానే తల ఎడమ పక్కకి వాలి ఉంది.

మూడు వందలు. బహ్రెయిన్ అమ్మాయి అంగుళం కూడా వదలకుండా వెన్నంటి వస్తోంది. రెండు వందలు. ఆఖరి వంపులో ఆమె నీడ జెస్సీ నీడతో కలిసింది. జెస్సీ నోరు తెరుచుకుంది. భుజాలు బిగుసుకుంటున్నాయి. మాస్టారు చెప్పింది నిజమేననిపించింది అందరికీ. కాళ్ళు బరువెక్కుతున్నాయి, అది తెర మీద కూడా తెలుస్తోంది.

“పో!” అంది రాహేలు.

ఆమె ఎప్పుడు లేచి నిలబడిందో ఎవరూ చూడలేదు.

“పో జెస్సీ! వెనక్కి చూడకు! పో!”

ఎనిమిదేళ్ళు ఇంకొకరింట్లో గొంతు పెంచకుండా బతికిన మనిషి. ఆ కేకకి కిటికీ దగ్గర నిలబడ్డవాళ్ళు వెనక్కి జరిగారు. శామ్యూల్ కూడా అందుకున్నాడు. వీరాయమ్మ కళ్ళు తెరిచింది. తరవాత ఆ గదిలో ఎవరు ఏం అరుస్తున్నారో ఎవరికీ వినబడలేదు.

యాభై మీటర్ల దగ్గర బహ్రెయిన్ అమ్మాయి పక్కకి వచ్చింది. భుజం భుజం రాసుకున్నాయి. ఒక్క క్షణం ఆమె ముందుకి వెళ్ళినట్టే కనబడింది. జెస్సీ తల పైకెత్తింది. పళ్ళు బిగించింది. ఎక్కణ్ణించి తెచ్చుకుందో, ఇంకో పది అడుగులు తెచ్చుకుంది. తూలిపోతూ, చేతులు చాచి, ఛాతీతో గీత దాటి ముందుకి పడిపోయింది.

గది ఒక్కసారిగా చప్పబడిపోయింది. ఎవరు గెలిచారో తెలీదు.

తెర మీద ఇంగ్లీషు గొంతు గడగడా ఏదో చెబుతోంది. తరవాత పేర్లు వచ్చాయి. పైన మొట్టమొదట, మువ్వన్నెల జెండా పక్కన, జెస్సీ పేరు. నాలుగు నిమిషాల తొమ్మిది సెకన్లు.

“బంగారం,” అన్నారు మాస్టారు. “బంగారమమ్మా! నా మాట వినలేదు! ఎంత మంచి పని చేసిందమ్మా, నా మాట వినకుండా!”

శామ్యూల్ తల్లిని ఎత్తి తిప్పేశాడు. “దించరా, నడుం విరిగిపోద్ది!” అని అరుస్తూనే ఆవిడ నవ్వుతోంది. వీధిలో టపాసులు అంటుకున్నాయి. ఎవరో పంచదార పళ్ళెం తెచ్చి కనబడిన నోట్లోనల్లా పోస్తున్నారు. రాహేలు నోట్లో ఎవరు పోశారో ఆమెకి తెలీదు. తియ్యగా ఉంది. కళ్ళ నీళ్ళతో కలిసి ఉప్పగా కూడా ఉంది.

జెస్సీ జెండా కప్పుకుని రౌండు కొడుతోంది. వంపు దగ్గర ఎర్ర కుర్చీల్లో మన కూలీలు, మన వంటవాళ్ళు, మన ఆయాలు నిలబడి చేతులూపుతున్నారు. వాళ్ళలో తనకి తెలిసిన మొహాలు ఉన్నాయేమోనని రాహేలు వెతుకుతోంది. జెస్సీ ఆ వరసల ముందు ఆగింది. ఒక్కొక్క మొహమూ చూస్తూ నెమ్మదిగా నడిచింది.

రాహేలు అది చూసింది. కూతురు కూడా వెతుకుతోందన్న సంగతి ఆమెకి తట్టలేదు.

జనగణమన వచ్చినప్పుడు గదిలో అందరూ లేచి నిలబడ్డారు. విజేతల గట్టు మీద నిలబడ్డ కూతురు పెదాలు కదుపుతోంది. రాహేలు కూడా కదిపింది.

ఏడున్నరకి శామ్యూల్ ఫోను మోగింది. మాస్టారూ ఇరుగుపొరుగూ వీధిలో టపాసుల దగ్గర ఉన్నారు. గదిలో ముగ్గురే.

“నాన్నా! చూసేవా?”

“చూసేను తల్లీ! ఊరంతా చూసింది! మామ్మ ఇదిగో—”

రాహేలు అతని చెయ్యి పట్టుకుంది. తల అడ్డంగా ఊపింది. చెప్పొద్దు.

శామ్యూల్ ఫోను మీద అరచెయ్యి పెట్టాడు. “మళ్ళీనా? మళ్ళీ నా చేతే దాపరికం చేయిస్తావా?” అన్నాడు గుసగుసగా.

“ఇవాళ దాని రోజండీ. నా ఏడుపు దాని నెత్తిన పెట్టకండి. హాయిగా నిద్రపోనివ్వండి. సోమవారం వస్తుందిగా.”

“నాన్నా, ఉన్నావా?”

“ఉన్నాను, ఉన్నాను. పరుగు చూసి మామ్మకి మాట పడిపోయింది.”

“పక్కన ఎవరో ఉన్నారే?”

“టీవీ అమ్మా,” అన్నాడు శామ్యూల్.

అటు ఎవరో జెస్సీని పేరు పెట్టి పిలిచారు. తరవాత, “నాన్నా, అమ్మ చూసుంటుందా?” అంది.

ఫోను స్పీకర్ మీద ఉంది. రాహేలు పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“చూసుంటుంది,” అన్నాడు శామ్యూల్. ఆ పూటకి అతను చెప్పిన ఒకే ఒక్క నిజం అది.

“సరే. డోపింగ్ పరీక్షకి పిలుస్తున్నారు. రేపు మాట్లాడతాను.”

ఫోను ఆగిపోయింది. శామ్యూల్ భార్య వైపు చూశాడు.

“ఇంక నన్ననకు. ఈసారి దాచింది నువ్వు,” అన్నాడు.

ఆమె ఒప్పుకుంటున్నట్టు తలూపింది. ఆ రాత్రి సూట్‌కేసులు రెండూ లోపలికి వచ్చాయి.

శనివారం పొద్దున్న ఎనిమిదింటి నుంచీ వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. చర్చి నుంచి పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. హైస్కూలు పిల్లలు వరసగా నిలబడి చప్పట్లు కొట్టారు. పంటు మీద పనివాళ్ళంతా కలిసి ఒక దండ తెచ్చి శామ్యూల్ మెడలో వేశారు. అది వేసుకునే అతను అందరికీ టీ పోస్తున్నాడు.

రాహేలు మెడలోనూ దండ పడింది. తీసేయబోతే వీరాయమ్మ ఊరుకోలేదు.

“ఉంచుకో. నీక్కాక ఎవరికి?”

“నేనేం చేసేనండీ?”

“కన్నావు. బూట్లు పంపేవు. అది అలిగేలా చేసేవు,” అంది వీరాయమ్మ. ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది.

“అక్కడ జెస్సీని చూసే వచ్చేరా అమ్మగారూ?” అని అడిగింది పక్క వీధి కాంతం. “మీరక్కడే కదా ఉండేది!”

“లేదమ్మా. ఇక్కడే, టీవీలో చూసేను.”

“అదేంటి! అంత దగ్గరుండి!”

జవాబు చెప్పే పని తప్పింది. బల్ల మీద పెట్టిన ఆమె ఫోను మోగింది. కువైట్‌లో వాడిన ఫోనే. తెర మీద పేరు చూసి రాహేలు కదలకుండా ఉండిపోయింది. ఆ పేరుకి ఆమె నాలుగేళ్ళుగా వాట్సాప్‌లో మాటలు రికార్డు చేసి పంపిస్తోంది. అటు నుంచి ఒక్కసారి కూడా ఫోను రాలేదు.

జెస్సీ.

“తియ్యవే,” అన్నాడు శామ్యూల్, టీ కెటిల్ చేత్తోనే పట్టుకుని.

ఆమె జెస్సీ గదిలోకి వెళ్ళింది. తలుపు వెయ్యడం మర్చిపోయింది.

“హలో.”

“అమ్మా.”

రాహేలు మంచం కోడు పట్టుకుంది.

“పనిలో ఉన్నావా?” అంది జెస్సీ. గొంతులో ఏదో తొందర. పరిగెత్తుకొచ్చినట్టు ఊపిరి తీస్తోంది.

“లేదమ్మా.”

“అయితే ఒకసారి బయటికి రా. మీ గేటు దగ్గరున్నాను.”

రాహేలుకి వెంటనే అర్థం కాలేదు.

“నువ్వు పంపే పెట్టెల మీద అడ్రసుంటుంది కదా. అది పట్టుకుని వచ్చేను. ఇక్కడ ఆత్రేయపురం ఆయన ఒకరు కారు నడుపుతున్నారు, ఆయనే తీసుకొచ్చేరు. నల్ల గేటే కదా? మెడల్ మెడలో వేసుకునే వచ్చేను. రోడ్డు మీద అందరూ చూస్తున్నారు, సిగ్గేస్తోంది. తొందరగా రా.”

రాహేలు మెడలోని దండ తీసి మంచం మీద పెట్టింది.

“నిన్న స్టేడియంలో వెతికేను. శుక్రవారం నీకు సెలవని నాన్న ఎప్పుడో చెప్పేడు. చెప్పకుండానే నువ్వు వస్తావేమోనని... నీకు చెప్పొద్దన్నది నేనేలే. నిన్ను చూస్తే పరిగెత్తలేనని. ముందు గెలిచి, తరవాత నేనే రావాలనుకున్నాను.” జెస్సీ ఆగింది. “మేడమ్ తిడతారా? అయిదు నిమిషాలే అమ్మా. పని మధ్యలో ఉంటే అయ్యాకే రా, నేనిక్కడే నిలబడతాను.”

“జెస్సీ, నేను ఇంటి దగ్గరున్నానమ్మా.”

“తెలుసు. నేనూ ఇంటి దగ్గరే ఉన్నాను. కుడి పక్క ఖర్జూరం చెట్టుంది చూడు.”

“ఆ ఇల్లు కాదు. మన ఇల్లు. నీ గదిలో, నీ మంచం మీద కూర్చున్నాను.”

అటు పక్క ఊపిరి చప్పుడు ఆగిపోయింది.

గుమ్మంలో శామ్యూల్ నిలబడి ఉన్నాడు, మెడలో దండతో. అతని వెనక వీరాయమ్మ. వసారాలో నవ్వులూ కప్పుల చప్పుడూ సాగుతూనే ఉన్నాయి.

“ఎప్పుడెళ్ళేవు?” అంది జెస్సీ.

“బుధవారం రాత్రి.”

“నేను సోమవారం వచ్చేను.”

“తెలుసమ్మా. నిన్నే తెలిసింది.”

తరవాత ఫోనులో గడియ తీసిన చప్పుడు వినబడింది. ఎనిమిదేళ్ళు రోజూ తన చేత్తో తీసిన గడియ. గేటు కిర్రుమంది. మేడమ్ గొంతు, అరబ్బీలో ‘ఎవరు’ అంటోంది.

రాహేలు కళ్ళు మూసుకుంది.

“ఐ యామ్ రాహేల్స్ డాటర్,” అంది జెస్సీ.

గట్టిగా అంది, వీధిలో అందరికీ వినబడేలా. మేడమ్ ఆనందంతో కేక వేయడం, గేటు బార్లా తెరుచుకోవడం వినబడ్డాయి. ‘లోపలికి రా, రా’ అని ఆవిడ వచ్చీరాని ఇంగ్లీషులో పిలుస్తోంది. ఇక ఏ నిమిషాన్నయినా, మీ అమ్మ కాగితాలు తీసుకుని పూర్తిగా వెళ్ళిపోయిందని ఆవిడే చెప్పేస్తుంది. ఎందుకు వెళ్ళిందో ఆవిడకి తెలీదు.

“జెస్సీ,” అంది రాహేలు. “ఫోను పెట్టెయ్యకు. ఆవిడ చెప్పేలోగా నేను చెప్పాల్సిన మాటొకటుంది. ఎనిమిదేళ్ళ కిందటి మాట కూడా ఒకటుంది.”

వెనక వీరాయమ్మ గుమ్మం పట్టుకుంది.

ఫోనులో చెప్పులు విప్పుతున్న చప్పుడు. తలుపు మూసుకున్న చప్పుడు. చల్లని గదిలోకి అడుగుపెట్టినట్టు జెస్సీ గొంతు మారింది.

“పెట్టనమ్మా,” అంది. “నీ వంటింట్లో నిలబడ్డాను. చెప్పు.”